షిఫ్టు తల

కొత్తగా చేరిన సిస్టర్లు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. టీ తాగి, నా మోకాళ్ల సంగతి మర్యాదకు అడిగి, చివరికి అసలు ప్రశ్నలోకి దిగుతారు. "మేడమ్, మీ సర్వీసులో బాగా భయపడ్డ రోజు ఏది?" అని. వాళ్లు ఏం వినాలనుకుంటున్నారో నాకు తెలుసు. బొగ్గుబాయి దవాఖానలో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి కదా, బండ కూలిన రోజు గురించో, వరుసగా దిగిన స్ట్రెచర్ల గురించో చెబుతుందని. అవన్నీ చూశాను. ఆ రోజుల్లో భయపడటానికి తీరికే ఉండదు, చేతులు వాటి పని అవి చేసుకుపోతాయి. నేను నిజంగా భయపడింది ఒక ఆడపిల్లను చూసి. ఆ పిల్లకు అప్పుడు ఐదు నెలలు. నన్ను చూసి నవ్వుతూ కాళ్లు ఆడిస్తోంది.

ఈ సంగతి మీలో కొందరికి సగం చెప్పాను. నా పరువుకు భంగం లేని సగం. రెండో సగం ఇప్పుడు రాస్తున్నాను. చదివాక నన్ను తిట్టుకున్నా ఫర్వాలేదు, మీ జేబులో కొలత టేపు ఉందో లేదో మాత్రం ఒకసారి చూసుకోండి.

నాది గుంటూరు వైపు. ఉద్యోగం వచ్చి గోదావరిఖనిలో దిగిన రోజు ఈ ఎండా, ఈ బొగ్గు దుమ్మూ చూసి ఆరు నెలల్లో వెళ్లిపోతానని శపథం చేశాను. ఆ శపథం ఏమైందో మీరు చూస్తూనే ఉన్నారు. నన్ను అందరూ గుంటూరు సిస్టర్ అనేవాళ్లు. నా నోటికి జడిసి టీకాలు వేయించుకున్న పిల్లలు ఈ కాలనీల్లో వందలమంది ఉంటారు. నాకు నోరు ఎంత పెద్దదో కన్ను అంత చురుకని పేరు. ఆ పేరును నేను కూడా నమ్మాను, అక్కడే వచ్చింది తంటా.

మా డిస్పెన్సరీలో బుధవారం టీకాల రోజు. నేనూ, ఇంకో సిస్టరూ పక్కపక్క బల్లల మీద కూర్చునేవాళ్లం. ఆ బల్ల ముందు కూర్చుని కూర్చుని నేనొక సంగతి కనిపెట్టాను. కార్మికుల క్వార్టర్ అంటే రెండు గదులు. తండ్రి రాత్రి షిఫ్టు చేసి పొద్దున వచ్చి పడుకుంటాడు. వెలుతురు పడకుండా కిటికీకి దుప్పటి కడతారు. ఇక ఇంట్లోకి వెలుగు వచ్చేది ఓరగా వేసిన తలుపు సందులోంచే. పసిపిల్ల వెల్లకిలా పడుకుని రోజంతా ఆ సందువైపే తల తిప్పి చూస్తుంది. లేత తల, ఏ వైపు మంచానికి ఆనితే ఆ వైపు వెనకభాగం చదునైపోతుంది. మూడో నెలలో తల్లి అది చూసి గుండెలు బాదుకుంటూ వస్తుంది. నేను ఆ తల ఒకసారి చూసి "మీ ఆయనకు నైట్ షిఫ్టా?" అనేదాన్ని. "ఔ సిస్టర్, నీకెట్ల ఎరుక?" అని నోరెళ్లబెట్టేది. "ఇది షిఫ్టు తలమ్మా. ఏం కాదు. మంచం రెండో వైపు తిప్పి వెయ్యి. ఆవాల మెత్త కుట్టి తలకింద పెట్టు."

మెత్త అంటే ఇక్కడ దిండు. ఆవాలు నింపిన చిన్న దిండు మీద పడుకోబెడితే తల గుండ్రంగా వస్తుందని ఇక్కడి ముసలమ్మల నమ్మకం. ఇప్పుడు అసలు దిండే వద్దంటున్నారు, మీకు తెలుసు. అప్పట్లో నేనే డాక్టరు లెవెల్లో దాన్ని చెప్పేదాన్ని. తలలు ఎలాగూ బాగయ్యేవి, పిల్లలు కూర్చోవడం మొదలుపెడితే వాటంతటవే బాగవుతాయి. పేరు మాత్రం మెత్తకూ నాకూ వచ్చేది.

షిఫ్టు తల అన్న మాట నేను పుట్టించిందే. అది డిస్పెన్సరీ అంతా పాకింది. పిల్లల డాక్టరమ్మ కూడా విని నవ్వి, రెండుసార్లు వాడారు. మా ఆయమ్మ అయితే తల్లి ఇంకా వరండాలో ఉండగానే "షిఫ్టు తలనే, పా లోపలికి, మెత్త రాసిస్తది" అని తీర్పు చెప్పేసేది. నాకు గర్వంగా ఉండేది.

ఒక బుధవారం ఒక జంట వచ్చింది. పెళ్లయిన ఆరేళ్లకు పుట్టిన బిడ్డ. తల్లి పక్కన ఆమె అత్త. బిడ్డకు రెండున్నర నెలలు. ఆ తండ్రి బాయిలో సపోర్టు పనివాడు. పైన బండ నిలుస్తుందో రాలుతుందో చూసి, కింద దిమ్మలు నిలబెట్టడం ఆయన పని. ఒక చేత్తో కర్రతో బండను తట్టి, రెండో చేతి వేళ్లు బండకు ఆనించి అదురు చూస్తారట. వేళ్లకు తప్పుగా తోస్తే అక్కణ్నుంచి మనుషుల్ని పక్కకు లాగేస్తారు. ఆ వేళ్ల మీద పదిమంది ప్రాణాలు ఆధారపడి ఉంటాయి.

"సిస్టర్, బిడ్డ నొసలు ఒకపారి చూడు," అంది తల్లి. "ఎడమ దిక్కు లోపలికి పోయినట్టున్నది."

"నాకైతే ఏం ఫికర్ లేదు," అంది అత్త నేను చూడకముందే. "బిడ్డ గట్టిది. మాడు సుత అప్పుడే పూడింది. మా ఇంట్ల పిల్లలు గట్లనే ఉంటరు."

మాడు అంటే నడినెత్తి మీద మెత్తగా కొట్టుకునే చోటు. ఏడాదికి అటూ ఇటూ గానీ అది పూడదు. రెండున్నర నెలలకే పూడిందంటే ఆ మాట విన్న నర్సు కుర్చీలోంచి లేవాలి. నేను లేవలేదు. అదొక నాయనమ్మ గొప్పలు చెప్పుకోవడంలా వినిపించింది. "మీ ఇంట్లో పిల్లలు గట్టివాళ్లయితే టీకాకు ఏడవకూడదు మరి" అని ఎకసెక్కెం చేశాను.

తండ్రి ముందుకు వంగాడు. మాట్లాడటానికి మొహమాటపడే మనిషి. బిడ్డ తల మీద వేలు పెట్టి, "సిస్టర్, ఈడ చెవు పైనుంచి నెత్తి దాక గట్టు లెక్క తాకుతున్నది. కుడి దిక్కు లేదు. నేను చానసార్లు చూసిన," అన్నాడు.

"ఇది బాయి కాదు బాబూ, బిడ్డ తల. దిమ్మ నిలబెడతావా ఏంటి?" అన్నాను.

వరుసలో ఉన్నవాళ్లందరూ పగలబడి నవ్వారు. ఆయమ్మ కూడా నవ్వింది. ఆయన చెయ్యి తీసేసి, గోడ దగ్గరికి పోయి నిలబడ్డాడు. నేను బిడ్డ తల వెనకభాగం అరచేతిలో పట్టుకుని, ఒక్క చూపు చూసి, "నైట్ షిఫ్టు కదూ? షిఫ్టు తల. ఆవాల మెత్త కుట్టండి," అన్నాను. కార్డులో బరువు రాశాను. తల చుట్టుకొలత గడి ఖాళీగా వదిలేశాను. టేపు లేక కాదు, జేబులోనే ఉంది. వరుస వరండా దాటి మెట్ల దాకా ఉంది మరి.

తర్వాతి టీకాకు తల్లి ఒక్కతే వచ్చింది. ఆవాల మెత్త కుట్టిందట, మంచం తిప్పిందట, రోజూ స్నానానికి అత్త నుదురు ఒత్తుతోందట. "ఎడమ కన్ను పెద్దగ కనవడ్తున్నది సిస్టర్. మొఖం ఒక దిక్కు గుంజినట్టున్నది. పెద్ద దవాఖానల డాక్టరమ్మకు చూపియ్యాల్నా?"

"షిఫ్టు తలకు డాక్టరెందుకమ్మా? ఓపిక పట్టు," అన్నాను. గడి మళ్లీ ఖాళీ.

ఆమె ఇంకేదో అడగబోయి ఆగింది. ఇప్పటికీ ఆ ఆగడం నాకు కనిపిస్తుంది. అప్పుడు మాత్రం ఆమె వెనకాల ఉన్న పిల్లాడి ఏడుపే వినిపించింది.

ఆ తర్వాత తెలంగాణ కోసం సమ్మె వచ్చింది. బాయిలు ఆగాయి, బస్సులు ఆగాయి, బడులు మూశారు, రైళ్ల పట్టాల మీద జనం కూర్చున్నారు. ఎప్పుడూ కూసే సైరన్ కూయకపోతే ఊరు ఊరులా లేదు. డిస్పెన్సరీలో అత్యవసరం కేసులు తప్ప ఏమీ లేవు. వరుస లేని డిస్పెన్సరీలో కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఆంధ్ర మనిషిని కాబట్టి ఎవరితో ఏం మాట్లాడాలో కూడా తోచేది కాదు. ఆయమ్మ మాత్రం, "నిన్ను ఎవలన్న ఏమన్న అంటే నా పేరు చెప్పు, వాళ్ల సంగతి నేను చూస్త" అని రోజూ భరోసా ఇచ్చేది.

అలాంటి ఒక పూట ఒకామె నాలుగు నెలల కొడుకును తెచ్చింది, జ్వరమని. ఆయమ్మ బిడ్డను ఎత్తుకుని "మల్లొక షిఫ్టు తల" అంది. చేయడానికి వేరే పని లేదు కాబట్టి, నా జన్మలో మొదటిసారి, ఒక షిఫ్టు తలను నేను తీరిగ్గా చూశాను. పైనుంచి చూశాను. వెనక కుడివైపు చదునుగా ఉంది. ఆ వైపు చెవి ముందుకు జరిగింది. ఆ వైపు నుదురు కూడా కొంచెం ముందుకు ఉబ్బింది. అంతేగా, వెనకనుంచి నెట్టితే ముందుకు జరుగుతుంది.

అప్పుడు నా అరచేతికి ఆ ఆడపిల్ల తల గుర్తొచ్చింది. వెనకభాగం గుండ్రంగా, నిండుగా ఉంది. అణిగింది నుదురు.

వెల్లకిలా పడుకునే బిడ్డకు నుదురు ఎలా అణుగుతుంది? నుదురు మంచానికి ఆనదు కదా.

మాడు సుత అప్పుడే పూడింది, అన్న మాట ఇప్పుడు వినిపించింది, విన్న రోజుకు రెండు నెలల తర్వాత. చెవి పైనుంచి నెత్తి దాకా గట్టు. అవన్నీ మా పుస్తకంలో ఉన్నవే. ఆ పుటలు చదివి పరీక్ష రాసి పాసైన దాన్నే నేను.

"ఏమైంది సిస్టర్, మొఖం గట్లయింది?" అంది ఆయమ్మ.

"ఏం లేదు. బయటికి పోయొస్తా," అన్నాను. ఆటోలు లేవు. ఎండలో ఆ కాలనీ దాకా నడిచాను. దారి పొడుగునా నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను, అయ్యుండదులే, నెత్తి మీద చెయ్యి పెట్టగానే మాడు తగులుతుందిలే అని. ఇన్నేళ్లలో ఏ దేవుణ్నీ అంత చిన్న కోరిక కోరలేదు.

తండ్రి సమ్మె శిబిరానికి పోయాడు. తల్లి బిడ్డను చాప మీద ఆడిస్తోంది. తలకింద ఆవాల మెత్త, నీలం పూల గుడ్డతో నీటుగా కుట్టింది. బిడ్డ నన్ను చూసి నవ్వింది. ఇదుగో, మొదట్లో చెప్పింది ఈ నవ్వే. కుడి కన్ను మామూలుగా నవ్వుతోంది, ఎడమది వెడల్పుగా తెరుచుకుని ఎవరినో చూసి బెదిరినట్టుంది. నేను కూర్చుని నడినెత్తి మీద వేలు పెట్టాను. ఎముక తగిలింది. అటు జరిపాను, ఇటు జరిపాను. అంతా ఎముకే. ఎడమ చెవి మీదినుంచి పైకి వేలు పోనిచ్చాను. గట్టు ఉంది. ఆయన చెప్పిన చోటే, చెప్పినట్టే.

"ఏంది సిస్టర్?" అంది తల్లి.

"ఏం లేదమ్మా. డాక్టరమ్మ ఒకసారి చూస్తానన్నారు."

"షిఫ్టు తలకు డాక్టరెందుకు అంటివి గద?"

ఆమె నా మొఖం చూసి, ఇంకేం అడక్కుండా బిడ్డను ఎత్తుకుని చెప్పులు వేసుకుంది. అత్త లోపలినుంచి "ఏమైంది, ఏమైంది" అంటూనే ఉంది.

డాక్టరమ్మ పెద్ద దవాఖానలో ఉన్నారు. మేం చేరేసరికి కబురందుకుని తండ్రి కూడా పరుగెత్తుకొచ్చాడు. డాక్టరమ్మ బిడ్డ తల పట్టి చూడటం పూర్తికాకముందే ఆమె మొఖంలో నాకు జవాబు దొరికింది. పసితల ఒకే ఎముక కాదు, పలకలు పలకలుగా ఉండి మధ్యలో కుట్లలాంటి సందులుంటాయి, మెదడు పెరిగేకొద్దీ అవి చోటిస్తాయి. ఈ బిడ్డకు ఎడమవైపు కుట్టు ముందే అతుక్కుపోయింది. అక్కడ చోటు లేక మెదడు ఇంకోవైపుకు తోసుకుంటోంది. కన్నుకూ మెదడుకూ ఒత్తిడి చేరకముందే హైదరాబాదులో ఆపరేషన్ జరగాలి. ఇదంతా ఆమె ఆ భార్యాభర్తలకు నెమ్మదిగా, భయపెట్టకుండా చెప్పారు. తర్వాత నావైపు తిరిగి ఇంగ్లీషులో అడిగారు.

"మొదట ఎప్పుడు తెచ్చారు?"

"రెండున్నర నెలలప్పుడు."

"ఎవరు చూశారు?"

"నేనే."

ఆమె కార్డు తిప్పి ఖాళీ గళ్లు చూశారు. తిడతారనుకున్నాను, తిట్టి ఉంటే బాగుండేది. టేపు తీసుకుని కొలిచి, ఆ రోజు తేదీ ఎదురుగా అంకె వేశారు. "ఇవాళ్టిది రాయగలను సిస్టర్. వెనకటివి నేను రాయలేను," అన్నారు. తల్లి మా ఇద్దరి మొఖాలూ మార్చి మార్చి చూస్తోంది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నేను ఆ ఇంగ్లీషు చాటున నక్కాను. అది నా మొదటి తప్పుకంటే పెద్ద తప్పని ఇప్పుడు అనుకుంటాను.

బస్సు లేదు, రైలు లేదు. డాక్టరమ్మ పెద్ద డాక్టరుగారితో వాదించి అంబులెన్స్ ఇప్పించారు. తోడు నేను పోతానన్నాను. మరునాడు పొద్దున్నే బయల్దేరాం. బసంత్‌నగర్ దగ్గర సిమెంటు లారీలు రోడ్డు పక్కన బారులు తీరి ఉన్నాయి, ఒక్కదానిలోనూ డ్రైవరు లేడు. తండ్రి ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి, "సిస్టర్, ఏడన్న ఆపుతే నువ్వు మాట్లాడకు. నేను చెప్త," అన్నాడు. నా మాట విన్నవాడికి నా జిల్లా తెలిసిపోతుంది. సరేనన్నాను. నోరు మూసుకుని ఉండటమంటే ఏమిటో నా భర్తకే చూపించని దాన్ని, ఆ రోజు చూపించాను.

ఇంకో పది ఊళ్లు దాటాక ఆపారు. రోడ్డుకు అడ్డంగా ఎడ్లబండి, దాని వెనక నిరసనగా వంటావార్పు. పెద్ద పెద్ద గిన్నెలు పొయ్యిల మీద ఉన్నాయి, రోడ్డు మీదే విస్తర్లు వేస్తున్నారు. మెడలో కండువాతో ఒకాయన అంబులెన్స్ వెనక తలుపు తీశాడు.

"పేషెంటు ఎవలు?"

తల్లి బిడ్డను చూపించింది. బిడ్డ ఆయన కండువా పట్టుకోబోయి నవ్వింది.

"గీ పిల్లనా? నవ్వుతున్నది గద! అంబులెన్సుల పెండ్లికి గిట్ల పోతున్నరా ఏంది?" వెనకున్నవాళ్లు గట్టిగా నవ్వారు. ముందురోజే ఎవరో అంబులెన్సులో సరుకు దాటించారట. తండ్రి దిగి చేతులు జోడించాడు. "అన్నా, నేను సుత బాయి కార్మికున్నే. సమ్మెల ఉన్న. బిడ్డ తలల ఎముక అతికింది, ఆపరేషన్ చెయ్యాలె." "ఏడ అతికింది? మాకైతే ఏం కనవడ్తలేదు" అన్నాడు ఇంకొకడు. నిజమే, కనపడదు. రక్తం లేదు, కట్టు లేదు, మూలుగు లేదు. ఎంత చదువుకున్న కంటికే కనపడలేదు.

ఇక నేనే నోరు తెరిచాను. "బాబూ, ఈ బిడ్డకు ఎడమవైపు మెదడుకి చోటు లేదు. ఆలస్యమైతే కన్ను పోవచ్చు. దయచేసి దారివ్వండి." నా మాట వాళ్ల చెవిలో పడింది. "ఏ ఊరమ్మా నీది?" అన్నాడు కండువా ఆయన.

పొయ్యి దగ్గర గరిటె తిప్పుతున్న ఒక ముసలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. ఎవరినీ ఏమీ అడగలేదు. బిడ్డ నడినెత్తి మీద రెండు వేళ్లు పెట్టి, అటూ ఇటూ తడిమి, "ఎన్ని నెలలు బిడ్డా?" అంది తల్లిని.

"ఐదో నెల నడుస్తున్నది అవ్వా."

"అయ్యో, మాడు లేదుర పిల్లకు! ఐదు నెల్లకు మాడు ఎట్ల పూడ్తది? తియ్యుండ్లిరా బండి, జల్ది తియ్యుండ్లి!" అని అరిచింది. ఆ అరుపుకు ఎడ్లబండి పక్కకు జరిగింది. కండువా ఆయన తనే తలుపు మూసి, ముందున్న ఊరివాళ్లకు ఫోన్ చేస్తూ మాకు చెయ్యి ఊపాడు. ఆ తర్వాత ఎక్కడా మమ్మల్ని ఆపలేదు.

నేను అంబులెన్సులో తల వంచుకుని కూర్చున్నాను. గరిటె తిప్పుతూ వచ్చిన అవ్వ రెండు వేళ్లతో అరనిమిషంలో చూసింది. నేను జేబులో టేపు పెట్టుకుని రెండు నెలలు చూడలేదు.

హైదరాబాదులో స్కానులు తీశారు. కంటి డాక్టరు కంటి లోపల చూసి, ఎడమవైపు ఒత్తిడి మొదలైన జాడ కొద్దిగా ఉందన్నారు. చూపు ఎంత నిలుస్తుందో ఆపరేషన్ అయ్యాక, బిడ్డ కళ్లు తెరిచాక గానీ చెప్పలేమన్నారు. మూడు వారాల తర్వాత తేదీ ఇచ్చారు. నేను వెనక్కి వచ్చి, ఆ మూడు వారాలు అన్నం సహించక తిరిగాను. అప్పటికి సమ్మె ముగిసింది, మళ్లీ బుధవారం వరుసలు మొదలయ్యాయి. ప్రతి తలనూ కొలిచేదాన్ని, కొలిచి మళ్లీ కొలిచేదాన్ని. ఆయమ్మ ఒకసారి అలవాటుగా "షిఫ్టు తల" అంటే, ఎన్నడూ లేనిది ఆమె మీద అరిచాను. పాపం, ఆమె ఏం చేసింది? నా మాట నాకే అప్పజెప్పింది.

ఆపరేషన్ నాటికి సెలవు పెట్టి వెళ్లాను. ఎందుకొచ్చావని వాళ్లు అడగలేదు, మంచి సిస్టరు కాబట్టి వచ్చిందనుకున్నారు. తండ్రి అయితే అక్కడి డాక్టర్లకు, "మా సిస్టరే ఇంటికొచ్చి తీస్కపోయింది సార్" అని చెప్పాడు కూడా. ఆ మాటకు ఆ పెద్ద సర్జన్ నావైపు చూసి మెచ్చుకోలుగా తల ఊపారు. నా ఉద్యోగంలో నేను అందుకున్న మెప్పులన్నిటిలోకీ పెద్దది అదే, దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఇప్పటికీ తెలీదు.

లోపల ఆరు గంటలు పట్టింది. బయటికి తెచ్చినప్పుడు తల నిండా కట్టు, మొఖం ఉబ్బిపోయి రెండు కళ్లూ పూర్తిగా మూసుకుపోయాయి. వాపు మామూలేనని, మూడు నాలుగు రోజుల్లో తగ్గి కళ్లు తెరుస్తుందని చెప్పారు. నేను ఎందరు తల్లులకో ఆ "మామూలే" అన్న మాట చెప్పాను. మంచం ఇవతల నిలబడి వినడం అదే మొదలు.

రెండో రోజు మధ్యాహ్నం తండ్రి మందులకు కిందికి పోయాడు. గదిలో తల్లీ నేనూ ఉన్నాం. ఆమె బిడ్డ అరికాలు మీద చెయ్యి వేసి కూర్చుంది. నేను చెప్పేశాను. మొదటి రోజే మాడు సంగతి వినికూడా పట్టించుకోలేదని, ఆయన గట్టు చూపిస్తే నవ్వానని, డాక్టరుకు చూపించనా అంటే ఆపింది నేనేనని, కొలవకుండా గళ్లు వదిలేశానని, డాక్టరమ్మ ఇంగ్లీషులో అడిగింది దాని గురించేనని. రెండు నెలలు నావల్లే పోయాయని. ఏడవకూడదనుకున్నాను గానీ ఏడ్చాను.

ఆమె తలెత్తలేదు. అరికాలు మీద చెయ్యి అలాగే ఉంది.

"కండ్లు తెరవనీ సిస్టర్," అంది చివరికి. "అప్పుడు చెప్త."

ఆ తర్వాతి రెండు రోజులు నేను ఆ దవాఖాన వరండాలో గడిపాను. చెప్తానంది ఏం చెబుతుందో, తిడుతుందో, కొడుతుందో, పై అధికారులకు రాస్తుందో. నిజం చెప్పాలంటే మొదటిరోజు నా ఉద్యోగం గురించి కూడా భయపడ్డాను. రెండోరోజుకు ఆ భయం ఎటు పోయిందో పోయింది. ఆ ఎడమ కన్ను ఒక్కటే మిగిలింది.

నాలుగో రోజు పొద్దున కుడి కన్ను ముందు తెరుచుకుంది. చాలాసేపటికి ఎడమది, సన్నటి గీతలా. డాక్టర్లు ఇంకా రౌండుకు రాలేదు. తల్లి ఆగలేదు. తన అరచేత్తో బిడ్డ కుడి కన్ను మూసింది. రెండో చేతి గాజు తీసి ఎడమ కన్ను ముందు పట్టుకుంది. బిడ్డ కదల్లేదు. గాజును మెల్లగా అటు జరిపింది. నేను మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. తండ్రి గోడవైపు తిరిగిపోయాడు.

బిడ్డ కన్ను గాజు వెంట కదిలింది. తల్లి ఇటు జరిపింది. కన్ను ఇటు వచ్చింది. మరోసారి జరిపింది, మళ్లీ వచ్చింది. చిన్న చెయ్యి లేచి గాజును అందుకోబోయింది.

తల్లి బిడ్డ కన్ను మీంచి చెయ్యి తీసి, అప్పుడు నావైపు చూసింది. "చూసినవా?"

"చూశాను."

"ఇగ పో సిస్టర్. నీ డ్యూటీకి పో."

కోపంగా అనలేదు. క్షమించినట్టూ అనలేదు. చెప్తానన్నది అదేనో, ఇంకేదైనా ఉందో నేను అడగలేదు. సంచి తీసుకుని బస్టాండుకు వచ్చేశాను.

కంటి చూపులో కొద్దిగా తేడా ఉందని తర్వాత తేల్చారు. చిన్న అద్దాలు వచ్చాయి, నుదురు చక్కబడింది. మిగతా టీకాలకు ఆ తల్లి బిడ్డను మా డిస్పెన్సరీకే తెచ్చేది. నా బల్ల ఖాళీగా ఉన్నా పక్క సిస్టరు బల్ల దగ్గరే కూర్చునేది. అయితే అటు పోయే ముందు ప్రతిసారీ నా ఎదుట ఆగేది. బిడ్డ జుట్టు పాయలు తీసి, ఆ చెవినుంచి ఈ చెవిదాకా ఉన్న కుట్ల గీత చూపించేది. నేను లేచి నిలబడి, గీత పొడవునా వేలితో తడిమి, టేపుతో కొలిచి, అంకె పైకి చెప్పి, "బాగుంది" అనేదాన్ని. "సరే" అని పక్క బల్లకు పోయేది. వరుసలో ఉన్నవాళ్లకు అదేమిటో అర్థమయ్యేది కాదు. నేనూ చెప్పలేదు.

రాష్ట్రం వచ్చిన ఏడు నేను రిటైరయ్యాను. ఆఖరి బుధవారం ఆమె వచ్చింది. పిల్లకు మూడేళ్లు దాటాయి, అద్దాలు ముక్కు మీదికి జారుతున్నాయి. తల్లి చెప్పులు విప్పుతుండగానే పిల్ల చెయ్యి విడిపించుకుని వచ్చి, నా బల్ల ముందు నిలబడి, తనంతట తనే తల వంచింది. దవాఖానకు వస్తే అందరూ ఇలాగే చెయ్యాలనుకుంది కాబోలు. నేను లేచి, వేలితో తడిమి, కొలిచి అంకె చెప్పాను.

"బాగుంది," అన్నాను.

తల్లి "సరే" అని, పిల్ల చెయ్యి పట్టుకుని పక్క బల్లకు నడిచింది.